ఒక నువ్వుగింజ తక్కువ

“ఇదిగో, ఇక్కడ అతుకు మీద అతుకు పడిందమ్మా” అని ఆయన వేలు పెట్టి చూపించేదాకా మా ఇద్దరికీ కనిపించలేదు.

ఆయన తాపీమేస్త్రి. ముప్పై ఏళ్లకు పైగా కోనసీమలో ఇళ్లు కడుతున్న మనిషి. వాళ్లమ్మాయి మా ఇంజినీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం కంప్యూటర్ సైన్సు చదువుతోంది. ఆ పిల్లకి గ్రాఫిక్స్ చెప్పేది నేను. ఆ సాయంత్రం కూతుర్ని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి, లాబ్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చారు. బల్ల మీద ఒక కాగితం ఉంది. దాని మీద రెక్కలు చాచిన డేగ. ఒళ్లంతా ఇటుకల గీతలు, కింది వరసవి ఎర్రగా, పై వరసవి నల్లగా. బొమ్మ అడుగున ప్రోగ్రామ్ అచ్చువేసిన తీర్పు: భేదాలు సున్నా.

ఆ డేగ పేరు శ్యేనచితి. వైదికుల అగ్నిచయనంలో ఇటుకలతో పేర్చే వేదిక. ఐదు వరసలు, వరసకి రెండు వందల ఇటుకలు. మొదటిసారి కట్టేవాడికి విస్తీర్ణం ఏడున్నర చదరపు పురుషలు. పురుష అంటే యజమాని చేతులు పైకెత్తి నిలబడితే ఎంత ఎత్తో అంత, 120 అంగుళాలు. ఆ అంగుళం ఇప్పటి మన అంగుళంలో సుమారు ముప్పాతిక. ఈ కొలతలన్నీ శుల్బసూత్రాల్లో ఉన్నాయి. శుల్బమంటే తాడు. అందులో ఒక నియమం, పై వరస అతుకు కింది వరస అతుకు మీద పడకూడదని. పడితే దాన్ని భేదమంటారు, భేదం వర్జ్యం. అందుకని ఒకటి, మూడు, ఐదు వరసలకు ఒక అమరిక, రెండు, నాలుగు వరసలకు వేరొకటి. మేస్త్రులు గోడ కట్టేటప్పుడు పాటించేదీ ఇదే. ఆ అమ్మాయి ప్రాజెక్టు చేయాల్సిన పనల్లా రెండు అమరికలు తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, భేదం ఎక్కడైనా ఉందేమో వెతకడం. లేదని చెప్పింది ప్రోగ్రామ్. కుడిరెక్క మొదట్లో, జానెడు గీత మీద ఉందని చెప్పారు మేస్త్రిగారు. ఆయన చెప్పిందే నిజం.

ఏటా ఈ సెమిస్టరులో ప్రాజెక్టులు చేయిస్తాను. గోడలకు తగిలి ఎగిరే బంతి, గడియారం ముళ్లు లాంటివి కొన్నేళ్లుగా ఒప్పుకోవడం లేదు. అవి ఎక్కడో దొరుకుతాయి, పిల్లలకు ఏమీ మిగలదు. మార్టిన్ న్యూవెల్ 1975లో యూటా విశ్వవిద్యాలయంలో తన ఇంట్లో టీపాట్‌ను చూసి వంపులన్నీ అంకెల్లోకి దించిన బొమ్మ ఉంది కదా, దాన్ని మళ్లీ గీయమంటాను. చెదురుగా ఉన్న చుక్కల చుట్టూ రబ్బరుబ్యాండు బిగించినట్టు కంచె కట్టే కుంభాకార పొట్లం చేయిస్తాను. ఏ పల్లెకు ఏ ఆసుపత్రి దగ్గరో ప్రాంతాలు విడగొట్టే వొరొనోయ్ పటం చేయిస్తాను. ఆ టీపాట్ పుట్టిన 1975లోనే ఏప్రిల్ నెలలో కేరళలోని పాంజాళ్ గ్రామంలో నంబూద్రిలు పన్నెండు రోజుల అగ్నిచయనం చేశారు. ఫ్రిట్స్ స్టాల్ బృందం దాన్ని ఫిల్ముకెక్కించింది. ఒకే ఏడు ఒకచోట వంపుల పాత్రను అంకెలు చేశారు, మరోచోట అంకెల్ని ఇటుకలు చేశారు. ఆ సంగతి తరగతిలో చెబితే, ఆ అమ్మాయి వెనక బెంచీ నుంచి లేచి, “మేడమ్, ఆ డేగ నేను చేస్తాను” అంది.

నాకు సంతోషమేసింది. భయం కూడా వేసింది. మాది ఆపస్తంబ సూత్రం. శుల్బసూత్రాల్లో ఒకటి ఆ పేరు మీదే ఉంది. మా ఇంట్లో మగవాళ్లు నమస్కారం చేస్తూ ప్రవర చెప్పుకునేటప్పుడు ఆ పేరు వినపడని రోజు లేదు. కోనసీమ అగ్రహారాల్లో ఆపస్తంబీయులైన ఆహితాగ్నులు, అంటే ఇంట్లో యజ్ఞాగ్నులు నిలుపుకున్నవాళ్లు, ఇటీవలి తరాల దాకా సోమయాగాలు చేశారు. డేవిడ్ నైప్ 2015లో అచ్చయిన తన పుస్తకంలో వాళ్ల కుటుంబాల కథలు రాశాడు. మా తాతగారు ఆహితాగ్ని కాదు గాని శుల్బం చదివినవారు. ఎండాకాలం సెలవుల్లో మా అన్నయ్యను పెరట్లో కూర్చోబెట్టి, రెండు మేకులు పాతి, తాడు లాగి చతురస్రం గీయించేవారు. నేను అరుగు మీంచి చూసేదాన్ని. దగ్గరికి వెళితే “నీకెందుకమ్మా, లోపలికి పో” అనేవారు. ప్రేమగానే అనేవారు, ఆ ప్రేమ నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నాకు చెప్పని విద్య అది. ఆ అమ్మాయి ముత్తాతలను యాగశాల పందిరి దాకా కూడా రానిచ్చి ఉండరు, అక్కడ పరిచిన ఇటుకలు వాళ్లలాంటి వాళ్లు కోసి కాల్చినవే అయినా. ఆ విద్యను మేమిద్దరం ట్యూబులైటు కింద కూర్చుని అక్షరం అక్షరం విప్పుకున్నాం. అది నా జీవితంలో మంచి కాలం.

తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. డేగ ఒంట్లో మూలగా కోసిన ఇటుకలున్నాయి. ఆ అమ్మాయి వాటిని నిటారుగా గీసి, 45 డిగ్రీలు తిప్పి, తెచ్చి అమర్చింది. తిప్పినప్పుడల్లా లెక్కలోకి రెండు వర్గమూలం వస్తుంది. దాని దశాంశాలకు అంతు లేదు. కంప్యూటరు దగ్గర సంఖ్యకు ఉన్న చోటు 53 బిట్లు, అంటే పదహారు అంకెల దరిదాపు. మిగతాది అక్కడే తెంపేస్తుంది. ఎర్ర అతుకు ఒక దారిన తిరిగి వచ్చింది, నల్ల అతుకు మరో దారిన. ఒకే గీత మీద ఉండాల్సినవి పదహారో అంకె దగ్గర విడిపోయాయి. ఇవి వేర్వేరు గీతలని తీర్పు చెప్పింది యంత్రం. దానికి తెలిసిన మేరకు అది నిజమే.

దీన్ని ఆ అమ్మాయి ముందే గమనించింది. ప్రోగ్రాములో ఒకచోట ఎప్సిలాన్ అని చిన్న సంఖ్య పెట్టుకుంది, అంతకన్నా తక్కువ తేడా ఉంటే సమానమేనని. ముందు మరీ పెద్దది పెడితే లేని భేదాలు వందలు చూపించిందట. తగ్గిస్తూ పోయింది. సున్నా వచ్చిన చోట ఆపింది.

“ఈ సంఖ్య ఎక్కణ్ణుంచి తెచ్చావమ్మా?”

“పనిచేసింది మేడమ్.”

నేను కోప్పడలేదు. ఇరవై రెండేళ్లుగా ఈ జవాబు వింటున్నాను. పరిశ్రమలో పనిచేస్తున్న నా పాత విద్యార్థులు కూడా ఇదే చెబుతారు. 2004లో కెట్నర్, మేల్‌హార్న్, పియోన్, షిర్రా, యాప్ అనే ఐదుగురు కలిసి ఒక వ్యాసం రాశారు. తరగతి గది ఉదాహరణలు అన్న మాట దాని పేరులోనే ఉంది. మూడు చుక్కలుంటే మూడోది గీతకు ఎడమనా, కుడినా, గీత మీదా అన్నది జ్యామితి ప్రోగ్రాములన్నిటికీ పునాదిప్రశ్న. గీతకు అతి దగ్గరగా చుక్కను ఒక్కో మెట్టు జరుపుతూ యంత్రాన్ని అడిగి, జవాబులకు రంగులు వేశారు. తిన్నగా రావాల్సిన సరిహద్దు పగుళ్లు, మచ్చలుగా వచ్చింది. అలాంటి ఒక్క తప్పుడు జవాబు వల్ల కంచె కట్టే ప్రోగ్రాము, కంటికి స్పష్టంగా బయట ఉన్న చుక్కను బయటే వదిలేసి పని ముగిసిందని చెబుతుంది. కొలతలో వచ్చిన వెంట్రుకవాసి తేడా తీర్పులోకి వచ్చేసరికి లోపల, బయట అన్నంత పెద్దదవుతుంది. ఆ బొమ్మలు మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా ప్రశ్న ఇది. కొలతకు ఎప్పుడూ ఏదో ఒక శేషం మిగులుతుంది. మిగులుతుందని తెలిసినవాడు దేన్నైనా నిజంగా చేశానని ఎలా అనగలడు? తాడు సాగుతుంది, ఇటుక కుంచించుకుపోతుంది, అంకె తెగిపోతుంది. అలాంటి వేదిక మీద వేసిన ఆహుతి చేరాల్సిన చోటికి చేరుతుందా? ఇది తాతగారిని అడగాల్సిన ప్రశ్న. అడిగే వయసు వచ్చేనాటికి ఆయన లేరు.

శుల్బకారులు రెండు వర్గమూలానికి ఒక లెక్క ఇచ్చారు. భుజానికి దానిలో మూడోవంతు కలిపి, ఆ మూడోవంతులో నాలుగోవంతు కలిపి, ఆ నాలుగోవంతులో ముప్పై నాలుగోవంతు తీసెయ్యాలి. 577 కింద 408 వస్తుంది, దశాంశాల్లో 1.4142157. అసలు విలువ 1.4142136. వాళ్లలో ఒకడైన బౌధాయనుడు అంగుళానికి 34 నువ్వుగింజలని కొలత చెప్పాడు. ఆ లెక్కన పన్నెండంగుళాల చతురస్రానికి కర్ణం పదిహేడంగుళాలకు సరిగ్గా ఒక నువ్వుగింజ తక్కువ. నాకు ఈ ఒక్క వాక్యం చాలు, ఆ మనిషి నేల మీద వంగి తాడు చివర గింజ జరుపుతూ కనిపిస్తాడు. సరిచూడండి. పన్నెండు వర్గానికి రెట్టింపు 288. పదిహేడు వర్గం 289, ఒకటి ఎక్కువ. నువ్వుగింజ తీసేస్తే ఆ ఒకటీ పోతుంది గాని, చదరపు అంగుళంలో 1156వ వంతు ఇంకా మిగులుతుంది. నిలువెత్తు పురుష చతురస్రం మీద కర్ణంలో తేడా ఎంతో ఆ అమ్మాయి లెక్కకట్టింది. తలవెంట్రుక మందంలో పదోవంతుకు రాదు. కంటికి ఆనేది కాదు, తాడుకి దొరికేది కాదు. అయినా వాళ్లు ఈ కర్ణానికి సవిశేషం అని పేరు పెట్టారు. ఇంకా కొంత భేదంతో కూడుకున్నదని ఆ మాటకు నేను చెప్పుకునే అర్థం. దీన్ని వేరేగా అన్వయించేవారున్నారు. నేను మాత్రం దీన్ని ఒక మనిషి తన పని కింద నిజాయితీగా పెట్టిన సంతకంలా చదువుతాను. ఆర్యభటుడు 499లో వ్యాసం 20,000 అయితే పరిధి 62,832 అని చెప్పి, ఆసన్నం అన్నాడు, దగ్గరిదని. అసలుది చెప్పకుండా దగ్గరిది ఎందుకు చెప్పాడని వెయ్యేళ్ల తర్వాత కేరళలో నీలకంఠ సోమయాజి అడిగి, తానే జవాబిచ్చాడు. వ్యాసాన్ని శేషం లేకుండా కొలిచే కొలమానంతో పరిధిని కొలిస్తే శేషం ఉంటుంది, పరిధిని శేషం లేకుండా కొలిచేదానితో వ్యాసానికి ఉంటుంది, రెండింటికీ ఒకేసారి శేషం పోదు. ఎంత చిన్న ముక్కలు చేసుకుంటూ పోయినా శేషం చిన్నదవుతుందే గాని లేకుండా పోదు.

ఇవన్నీ బోర్డు మీద రాస్తుంటే ఆ అమ్మాయి ఆపింది. “విలువ సరిగ్గా తెలియనప్పుడు, తెలియదని ఒప్పుకుంటే అయిపోయింది. మరి నా ప్రోగ్రాము తీర్పెలా చెబుతుంది మేడమ్?” అంది.

దానికి జవాబు కూడా తాడు దగ్గరే దొరికింది. శుల్బసూత్రాల్లో ఆ కర్ణానికి ఇంకో పేరుంది, ద్వికరణి. రెండింతలు చేసేది. ఆ గీత మీద చతురస్రం కడితే మొదటిదానికి రెండింతలవుతుంది, అంతే. పొడవు ఎంతన్నది ఈ పేరులో లేదు. అది ఏ పని చేస్తుందో చెప్పారు, అందులో శేషమన్నది లేనే లేదు. నేను ఆ మాట చెప్పి ఊరుకున్నాను. మర్నాడు పొద్దున ఆ అమ్మాయి రాత్రంతా మేలుకున్న కళ్లతో వచ్చి, ప్రతి నిరూపకాన్నీ రెండు భిన్నాల జంటగా మార్చేశానని చెప్పింది. మొదటిది మామూలు భాగం, రెండోది ద్వికరణి ఎన్నింతలో. కూడితే జంటకు జంట. గుణిస్తే ద్వికరణి ద్వికరణి తగిలిన చోట రెండు రాసుకోవడమే. 45 డిగ్రీలు ఎన్నిసార్లు తిప్పినా మళ్లీ అలాంటి జంటే వస్తుంది. రెండింట్లో ఏది పెద్దదో తేల్చాలంటే వర్గాలు పోల్చుకుంటే చాలు. విలువ ఎక్కడా రాయక్కర్లేదు, దశాంశం ఒక్కటి కూడా తెంపక్కర్లేదు. తెర మీద గీసేటప్పుడు మాత్రం దశాంశాలే, అక్కడ ఎటూ చుక్కలకు సర్దుకోవాలి.

ప్రోగ్రామ్ నడిపింది. కుడిరెక్క మొదట్లో జానెడు గీత ఎర్రబడింది. మేస్త్రిగారు వేలు పెట్టిన చోటే.

మా ఇంట్లో వేదాంతం మాట్లాడేవాళ్లు తాడును చూసి పామనుకోవద్దంటారు. పాము వ్యావహారికమైనా కాదు, వట్టి భ్రమ, తాడు వ్యావహారికం, పరమార్థం ఇంకా పైన. చిన్నప్పటి నుంచి విన్నాను, కాదనను. కానీ ఆ మాటల్లో తాడుకి ఎప్పుడూ గౌరవం దక్కలేదు, అది దాటిపోవాల్సిన మెట్టు మాత్రమే. అదే తాడు చేత్తో పట్టుకుని దేవతకు చోటు కొలిచిన మనుషులు మా వేదశాఖలోనే ఉన్నారు. శేషమున్న తాడుతో కొలుస్తూనే శేషం లేని దాన్ని పేరుతో నిలుపుకున్నారు. ఒకటి నిజం, రెండోది అబద్ధమని వాళ్లు అనుకోలేదనే నా నమ్మకం. సవిశేషం, ద్వికరణి రెండూ ఒకే తాడు పేర్లు.

ఆపస్తంబ శుల్బంలో ఒకచోటుంది, దాన్ని తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. చతురస్రాన్ని అంతే విస్తీర్ణమున్న వృత్తంగా మార్చే విధానం అది. సగం కర్ణంలోంచి సగం భుజం పోగా మిగిలినదానిలో మూడోవంతును సగం భుజానికి కలిపి ఆ తాడుతో గుండ్రంగా గీయాలి. భుజం రెండనుకుని చేసి చూస్తే విస్తీర్ణం నాలుగుండాల్సిన చోట 4.07 వస్తుంది, ఇది నువ్వుగింజ కన్నా చాలా పెద్ద తేడా. విధానం చెప్పి, ఆ తాడును గురించి సూత్రకారుడు ఒక్క మాట అన్నాడు, సానిత్యా. సంధి విడదీస్తే, సా నిత్యా అనొచ్చు, ఇది నిత్యమైనది, కచ్చితమైనదని. సా అనిత్యా అనీ అనొచ్చు, ఇది అనిత్యం, ఉజ్జాయింపు అని. పండితులు రెండు విధాలా విడదీశారు. లెక్క చూస్తే అనిత్యా అన్నదే సరైనది, నేనూ అదే అంటాను. కానీ నిత్యానిత్య వివేకం అంటూ వేదాంతం ఏ రెంటినైతే మొట్టమొదట విడదీయమంటుందో, ఆ రెండూ ఇక్కడ ఒక దీర్ఘంలో కలిసి ఉన్నాయి. నోటితో పలికితే ఏ తేడా లేదు. తాడు లాగి చూసిన చేతికే తెలియాలి.

ఇక ఆహుతి చేరుతుందా లేదా అన్న ప్రశ్న. దీనికి మీమాంసకులు ఇచ్చిన జవాబు నాకు నచ్చుతుంది. జైమిని తన మీమాంసాసూత్రాల ఆరో అధ్యాయంలో దీన్ని విచారించాడు. ఫలం కోరి చేసే కామ్యకర్మలో అంగాలన్నీ పూర్తిగా ఉండాలి, ఒక్కటి తగ్గినా ఫలం లేదు. నిత్యకర్మలో మాత్రం ప్రధానం వదలకుండా, అంగాలు యథాశక్తి చేస్తే చాలు. చేసి తీరాల్సింది కాబట్టి చేస్తున్నవాడికి లోపం మన్నింపు, ఏదో కావాలని చేస్తున్నవాడికి లేదు. మొదటిసారి చదివినప్పుడు నా తరగతి కళ్లముందు మెదిలింది. ఎప్సిలాన్‌ను సున్నా వచ్చేదాకా తగ్గించిన చెయ్యి మార్కుల కోసం తగ్గించింది. రాత్రంతా కూర్చుని జంటలు రాసిన చెయ్యి ఆ డేగ కోసం రాసింది. రెండూ ఒకే పిల్ల చేతులు. అయితే ఒకచోట నేను జైమినిని దాటి ఇంకొంచెం పట్టుబడతాను. కొలత యథాశక్తి కావచ్చు. అతుకు మీద అతుకు పడిందా లేదా అన్నదానికి యథాశక్తి జవాబంటూ ఉండదు. చేసేటప్పుడు ఎంత సర్దుకున్నా, తీర్పు చెప్పేటప్పుడు ఎంత సర్దుకున్నామో దాచిపెట్టకూడదు. అందుకే మొదటి లాబులోనే బ్రెసెన్‌హామ్ గీత గీయిస్తాను. ఐబీఎమ్‌లో పనిచేస్తూ ఆయన 1962లో ప్లాటరు కోసం కనిపెట్టి 1965లో ప్రచురించిన పద్ధతి అది. వాలుగీతను చుక్కల మెట్లుగా గీస్తున్నప్పుడు, ప్రతి చుక్క దగ్గరా అసలు గీతకు ఎంత దూరం జరిగామో ఆ తప్పును పక్క చుక్కకు మోసుకెళుతుంది. అది సగం దాటగానే ఒక మెట్టెక్కి, ఒకటి తీసేసుకుంటుంది. పూర్ణసంఖ్యలు తప్ప ఇంకేం వాడదు. తప్పును ఎక్కడా పారేయదు కనుక గీత ఎంత దూరం పోయినా అరచుక్క మించి దారి తప్పదు. పిల్లలు దీన్ని పరీక్ష కోసం బట్టీ పడతారు. నేను ఆ తప్పు విలువను చుక్క చుక్కకూ అచ్చువేయించి, కాగితం మీద వేలితో చదివిస్తాను.

ప్రాజెక్టు ప్రదర్శన రోజు మేస్త్రిగారిని పిలిచాను. ఆ రోజు తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. తెర మీద డేగ ఐదు వరసలూ ఒకటొకటిగా లేచింది. ఎర్రబడిన చోట ఒక ఇటుకను సగం చేసి పక్కకు జరిపింది ఆ అమ్మాయి. ఈసారి భేదాలు సున్నా అని వచ్చింది, కింద ఒక వాక్యం కూడా: తీర్పులు కచ్చితం, బొమ్మ ఉజ్జాయింపు. ఆ వాక్యం నేను రాయించలేదు.

ఆయన చాలాసేపు చూశారు. తెర దగ్గరగా వంగి, రెండు ఇటుకల మధ్య గీత మీద వేలు ఆనించారు.

“మధ్యలో మట్టి ఎంత పెట్టావమ్మా?”

“ఏం పెట్టలేదు నాన్నా. ఆనుకుని ఉంటాయి.”

“ఆనుకుని ఎలా ఉంటాయి? పచ్చి ఇటిక ఎండితే తగ్గుద్ది, కాలిస్తే ఇంకా తగ్గుద్ది. ఆ సందులో ఏదోటి పొయ్యాలి కదా.”

శుల్బ గ్రంథాల్లో ఆ మాట ఉంది. ఎండి, కాలి ఇటుక తగ్గుతుందని, ఆ లోటు పూడ్చుకోవాలని. వరస వరసకూ పైన మట్టి పరుస్తారు, దాన్ని పురీషం అంటారు. ఆ అమ్మాయికి నేనది చెప్పలేదు, నాకు గుర్తు రాలేదు. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఎంత తగ్గుద్ది నాన్నా? లెక్క చెప్పు.”

“అది మట్టిని బట్టి. మన లంకమట్టి అయితే ఒకలా, మెరకమట్టి అయితే ఒకలా.”

“రెండూ చెప్పు” అంది, కీబోర్డు దగ్గరికి జరుపుకుంటూ.